అభిప్రాయం తీసుకోబడినది

మా మహాసమాజానికి ఒక సలహా సభ ఉండేది. సలహా ఇవ్వడం సభ పని, వినకపోవడం మండలి పని. తొమ్మిదేళ్ళపాటు ఎవరి పని వాళ్ళం పొల్లుపోకుండా చేశాం.

కొత్తవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను. సూరత్‌లో సాంచెల మీద, అంటే పవర్‌లూముల మీద, బతికే మా తెలంగాణ నేతవాళ్ళకు మూడు సంఘాలున్నాయి. సలాబత్‌పురాలో ఒకటి, కడోదరాలో ఒకటి, సచిన్‌లో ఒకటి. ఒకరంటే ఒకరికి పడదు. అయినా పెళ్ళికి హాలు, చావుకు బండి, పండక్కి మైకు ఎవరికి వారు సమకూర్చుకోలేక మూడూ కలిసి సలాబత్‌పురా సందులో రెండంతస్తుల భవనం కట్టుకుని, దానికి మహాసమాజం అని పేరు పెట్టుకున్నాయి. ముగ్గురు అధ్యక్షులూ కూర్చుంటే అది మండలి. నిర్ణయాలన్నీ మండలివే. రిజిస్ట్రేషన్ నాడు వకీలు, "ప్రజాస్వామ్యం కూడా ఎక్కడో ఒకచోట కనపడాలి గదా" అన్నాడట. అట్లా సభ పుట్టింది.

సంఘానికి పదిహేను మంది చొప్పున సభలో నలభై అయిదు మందిమి. మమ్మల్ని ఎవరూ ఎన్నుకోలేదు, అధ్యక్షులే ఏరుకున్నారు. బావమరుదులు, వియ్యంకులు అయిపోయాక ఇంకా జాగా మిగిలితే నాలాంటివాళ్ళు. నేను సచిన్‌లో సాంచెలు రిపేరు చేస్తాను. మండలికి పెద్ద ఆగయ్య శేఠ్. సలాబత్‌పురా సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. సచిన్‌లో ఆయన ఖాతాలో, అంటే సాంచెల షెడ్డులో, అరవై సాంచెలున్నాయి. "సోమలింగానికి రాత గుండ్రంగుంటది, నోరు చిన్నగుంటది" అని నన్ను సభలో వేసి, పుస్తకం రాసే పని కూడా అంటగట్టాడు. రెండు మాటలూ నిజమే కాబట్టి నాకు కోపం రాలేదు.

నియమావళిలో మా సభ గురించి ఉన్నది ఒకటే వాక్యం: "మండలి ఏ నిర్ణయమైనను సభ అభిప్రాయం తీసుకున్న తరువాతనే చేయవలెను." అభిప్రాయం తీసుకున్నాక దాన్ని ఏం చేసుకోవాలో రాయలేదు. కాబట్టి నెలకో ఆదివారం మేము బస్సుల్లో, బైకుల మీద వచ్చి హాల్లో కూర్చునేవాళ్ళం. ఆగయ్య శేఠ్ నిర్ణయం చదివేవాడు. నేను "సభ అభిప్రాయం తీసుకోబడినది" అని రాసేవాడిని. ఈలోపు వెనకనుంచి తాలింపు వాసన వచ్చేది, సభ ముగిసేది.

ఆ తాలింపు ఐలమ్మది. భవనం వెనక ఉన్న వంటిల్లు ఆమెదే. భర్త సాంచెల దగ్గరే గుండె ఆగి పోతే, ఆమె ఆ వంటింట్లో మెస్సు పెట్టుకుంది. పెళ్ళాం పిల్లలను సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో వదిలి వచ్చిన నలభై మంది మగ్గం పనివాళ్ళు రోజూ అక్కడే తింటారు. వంటింటి పక్కన మంచం పట్టేంత అర్ర, అందులో ఆమె నిద్ర. సభ ఉన్న ఆదివారం సభ్యులకు కూడా ఆమే వండుతుంది. తలకాయ కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. నిజం చెప్పాలంటే ఆ తొమ్మిదేళ్ళు సభను బతికించింది ఆ తలకాయ కూరే.

మాకొక ఆనవాయితీ ఉండేది. సభలో సంతకాలు పెట్టించడం నామోషీ, నమ్మకం లేనట్టు. అందుకని భోజనాలయ్యాక విస్తర్లు లెక్కపెట్టి, ఎన్ని లేస్తే అంతమంది హాజరని రాసేవాడిని. ఎవడు నోరు తెరిచాడో తెలియని సభలో, ఎవడు తిన్నాడో ఒక్కటే పక్కాగా తేలే సంగతి.

పదో ఏడు మండలికి ఒక ఆలోచన వచ్చింది. మూడు ఊళ్ళ అధ్యక్షులు అంత దూరం నుంచి వస్తున్నారు, నడుం వాల్చడానికి చోటు లేదు. వంటిల్లూ దాని పక్క అర్రా కలిపి పడగొట్టి ఏసీ గది కట్టాలి. పేరు "అధ్యక్షుల విశ్రాంతి మందిరం". ఆగయ్య శేఠ్ ఇల్లు ఆ సందు చివరనే ఉంది. నడుం వాల్చడానికి ఆయనకు ఏసీ గది ఎందుకో నాకు అర్థం కాలేదు. నోరు చిన్నది కాబట్టి అడగలేదు.

ఆ సాయంత్రం ఐలమ్మ నన్ను పట్టుకుంది. ఊళ్ళో మా అమ్మవాళ్ళ ఇంటి వెనక ఇల్లు వాళ్ళది. నన్ను తమ్మీ అంటుంది.

"నిజమేనా తమ్మీ? వంటర్ర గూలగొడ్తరట?"

"ఇంకా ఏం గాలేదక్కా. సభ అభిప్రాయం తీసుకోవాలె గద."

"మీ సభనా?" అని నా మొహంలోకి చూసింది. "మీరు కూర్ల ఉప్పు తక్కువైంది అననీకె గూడ ఆగయ్య దిక్కు జూస్తరు. నేనేడికి వోవాలె? గీ నలభై మంది పోరగాండ్లేడ తినాలె?"

సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇంకో రొట్టె వేయించుకున్నాను.

అక్కడే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్న భాగ్యలక్ష్మి కత్తి కింద పెట్టింది. ఐలమ్మ చెల్లెలి కూతురు, సూరత్‌లోనే పుట్టింది, కాలేజీలో రాజనీతి శాస్త్రం ఎంఏ చదువుతోంది. మూడు భాషల్లో మాట్లాడుతుంది, మూడింట్లోనూ ఎదురే మాట్లాడుతుంది.

"మామా, యూరప్‌ల గిట్లనే ఒక పార్లమెంట్ ఉండె. బిల్కుల్ మన సభ లెక్కనే."

"ఆడ గూడ తలకాయ కూర వెడ్తరా?"

"జర సునో మామా. శాన దేశాలు గలిసి ఒక సమాజం వెట్టుకున్నయి. మంత్రులు నిర్ణయం జేస్తరు, సభ అభిప్రాయం చెప్తది. మొదాట్ల మెంబర్లను గూడ జనం ఎన్నుకోలే. ఎవల దేశపోల్లు వాల్లే పంపిండ్రు. అందరు నవ్వెటోల్లు, గదొక ముచ్చట్ల దుకాన్ అని. ఒకపారి మక్కల నుంచి తీసే తియ్యటి పాకం మీద మంత్రులు కానూన్ తెచ్చిండ్రు. సభ ఇంకా అభిప్రాయమే చెప్పలే. వీల్లు ఆగలే, పాస్ జేసిండ్రు. కోర్టుకు వోతే కోర్టేమన్నది? అభిప్రాయం అడుగుడు గాదు, అది అచ్చేదాంక ఆగాలె అన్నది. కానూన్ రద్దు. బస్."

"అంటే?"

"అంటే మీరు వద్దనకుండ్రి మామా. వద్దంటే ఇన్నం అని రాసుకొని గూలగొడ్తరు. మీరు అస్సలు అభిప్రాయమే చెప్పకుండ్రి. ఆలోచించి చెప్తమనుండ్రి."

ఎదురు చెప్పే ధైర్యం మా నలభై అయిదు మందిలో ఒక్కడికీ లేదు. కానీ ఏమీ చెప్పకుండా కూర్చోవడమా? అందులో మాకు తొమ్మిదేళ్ళ అనుభవం.

తరువాతి సభలో ఆగయ్య శేఠ్ నిర్ణయం చదివి నా వైపు చూశాడు. నేను లేచి, "సభ జర ఆలోచించి చెప్తది" అన్నాను. గొంతు పిల్లి గొంతులా వచ్చింది. కానీ వెనక నుంచి ఇంకో ఇరవై గొంతులు "ఆలోచించి చెప్తం" అన్నాయి. వంటిల్లు పోతే కూర పోతుందని అప్పటికే అందరికీ తెలిసింది. మా స్వాతంత్ర్య పోరాటం మూలాలు పొట్టలో ఉన్నాయని చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

వారం వారం సభ పెట్టించాడు ఆగయ్య శేఠ్. మూడు ఆదివారాలు ఆలోచించాం. నాలుగో ఆదివారం సభ అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఏం సోమలింగం, నా ఖాతల సాంచెలు బంద్ వడ్డయంటె నిన్ను గాక ఇంకెవన్ని పిలువాల్నో నాకు దెల్వదనుకున్నవా? పుస్తకం దియ్యి. రాయి."

ఆ అరవై సాంచెలు పోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు. రాశాను. "సభ అభిప్రాయం తీసుకోబడినది." అలవాటు చొప్పున విస్తర్లు కూడా లెక్కపెట్టి హాజరు రాశాను: అరవై ఒకటి. ఆ వారమే వంటింటి ముందు ఇటుకలు దిగాయి. ఐలమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం మాత్రం పెట్టింది, అది ఇంకా కష్టంగా ఉంది.

భాగ్యలక్ష్మి గుజరాతీలో అర్జీ రాసి, ట్రస్టుల రికార్డులు చూసే సర్కారు ఆఫీసులో ఇచ్చింది. తేలేదాకా ఏదీ కూల్చొద్దని నోటీసు వచ్చింది. రెండు నెలలకు మమ్మల్ని పుస్తకంతో సహా రమ్మన్నారు. అక్కడి అధికారికి తెలుగు చదివి వినిపించడానికి ఒక మనిషిని కూడా పెట్టారు. అంకెలకు మాత్రం ఆయనకు ఎవరి సాయం అక్కర్లేకపోయింది.

"మీ సభలో సభ్యులెంతమంది?"

"నలభై అయిదు" అన్నాడు ఆగయ్య శేఠ్.

"మరి అరవై ఒక్క మంది ఎలా వచ్చారు?"

ఆయన వెనక పేజీలు తిప్పాడు. యాభై ఎనిమిది. అరవై మూడు. దసరా ముందు ఆదివారం డెబ్బై ఎనిమిది. మెస్సు కుర్రాళ్ళ విస్తర్లు కూడా కలిపి తొమ్మిదేళ్ళు లెక్కపెట్టానని నాకు ఆ కుర్చీలో కూర్చున్నాకే వెలిగింది. తొమ్మిదేళ్ళలో ఆ పుస్తకం తెరిచి చూసినవాడు ఒక్కడు లేడు.

ఆగయ్య శేఠ్ గొంతు సవరించుకున్నాడు. "సాబ్, కొంతమంది రెండుసార్లు తింటరు."

అధికారి నవ్వలేదు. నిర్ణయం రద్దయింది. సభ నిజంగా అభిప్రాయం చెప్పేదాకా మండలి ఆగాలని రాసి ఇచ్చారు. బయటికి వచ్చాక అందరూ నా భుజం తట్టారు. సోమలింగం కావాలనే ఎక్కువ రాసి ఇరికించాడు, నోరు చిన్నదే కానీ బుర్ర పెద్దదన్నారు. మొదటి రోజు కాదన్నాను. రెండో రోజు నవ్వి ఊరుకున్నాను. మూడో రోజుకు నేనే నమ్మాను.

ఇక మమ్మల్ని పట్టేవాడు లేడు. మేం అభిప్రాయం ఇవ్వందే పెళ్ళి హాలుకు సున్నం కూడా పడదు కాబట్టి, ప్రతిదానికీ ఆలోచించడం మొదలుపెట్టాం. వంటింటి జోలికి రామని మండలి రాసిచ్చింది, అప్పుడు సున్నానికి అభిప్రాయం ఇచ్చాం. అభిప్రాయం కాదు, సమ్మతి ఉండాలని నియమం మార్పించాం, అప్పుడు మైకు రిపేరుకు వదిలాం. అధ్యక్షులు ఏరిన సభ్యులేంటి, జనమే ఎన్నుకోవాలన్నాం. చావు బండికి కొత్త టైర్లు కావాల్సి వచ్చిన వారం అదీ ఒప్పుకున్నారు.

మొదటి ఎన్నిక మర్చిపోలేను. సాంచె దగ్గర నిలబడే ప్రతి మనిషికీ, ఇంట్లో కండెలు చుట్టే ప్రతి ఆడమనిషికీ ఓటు. రాత్రి షిఫ్టు దిగి కళ్ళు మండుతున్నవాళ్ళు కూడా ఇంటికి పోకుండా వరసలో నిలబడ్డారు. పద్నాలుగు వందల ఓట్లలో పదకొండు వందలు పడ్డాయి. నన్ను సభాపతిని చేశారు. పుస్తకం రాసే పని కూడా నా దగ్గరే ఉంచారు. గుండ్రంగా రాసేవాడు ఇంకొకడు దొరకలేదు. గెలిచిన ఊపులో మూడు నియమాలు పెట్టాం. సభ సమ్మతి లేనిదే ఏదీ జరగదు. ముప్పై మంది లేనిదే సభ సభ కాదు. భవనంలో ఎవరి చోటు మార్చాలన్నా ముందు వాళ్ళ అభిప్రాయం తీసుకోవాలి. ఈ మూడోదానికి ఐలమ్మ నియమం అని పేరు పెట్టి చప్పట్లు కొట్టాం. ఐలమ్మ గిన్నెలు తోముకుంటూ విన్నది.

మరుసటి ఏడు ఆగయ్య శేఠ్ హాలును తన చీరల గోదాముగా వాడుకుంటున్నాడని తేల్చి, మండలి మొత్తం చేత రాజీనామా చేయించాం. యూరప్‌లో కూడా పైన కూర్చున్న కమిషన్ అట్లాగే ఒకసారి మూకుమ్మడిగా దిగిపోయిందని భాగ్యలక్ష్మి చెప్పింది. ఆ రోజు నేను రెండు అంగుళాలు పెరిగాను.

ఆగయ్య శేఠ్ తెలివైనవాడు. అధికారం ఏ కుర్చీలోకి పోతే ఆయన ఆ కుర్చీలోకి పోతాడు. రెండో ఎన్నికలో నిలబడి మా సభ్యుడైపోయాడు. ఆ ఎన్నికలో ఏడు వందల ఓట్లు పడ్డాయి. మూడోదానికి మూడు వందలు కూడా దాటలేదు.

"ఏందే ఇది?" అని భాగ్యలక్ష్మిని అడిగాను. "తాకత్ లేనప్పుడు జనం ఎగబడ్డరు. అచ్చినంక రారేంది?"

"వాల్లకు గూడ గట్లనే అయింది మామా. తాకత్ పెరిగినకొద్ది ఏండ్లకేండ్లు ఓట్లు తగ్గినయి. మల్ల ఈ మధ్యనే జర లేసినయి."

"ఎందుకట?"

"నీకు దెల్వదా?" అంది. తెలుసో తెలియదో తేల్చుకోకుండా నేను సభకు వెళ్ళిపోయాను. ఆ రోజు ఉపసంఘాల మీద ఒక ఉపసంఘం వేయాల్సి ఉంది.

ఉపసంఘాలు ఏడయ్యాయి. వాటికి కూర్చునే చోటు లేదు. సభకు కార్యాలయం లేకపోతే గౌరవం ఏముంటుందని ఒక ఆదివారం ఆగయ్య శేఠ్ మెల్లగా లేచాడు. "ఎనక వంటర్ర ఉన్నది గద. అర్ర గూడ గలుపుకుంటె మంచిగ విశాలమైతది" అన్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు, అంతటి పెద్దమనిషి. అందరూ నావైపు చూశారు. నేను ఐలమ్మ గురించి ఆలోచించానని అబద్ధం చెప్పను. బల్ల, గాజు తలుపు, దాని మీద "సభాపతి" అనే అక్షరాలు, వాటి గురించి ఆలోచించాను. ఒక్క చెయ్యి కూడా కింద ఉండలేదు. ఏరు దాటి తెప్ప తగలేసే పని ఏకగ్రీవంగా జరిగింది.

మేమే పెట్టిన నియమం ప్రకారం ఐలమ్మ అభిప్రాయం తీసుకుని వచ్చే ఆదివారం ఖాయం చెయ్యాలి. "అన్ని ముందుగాలనే రాసిపెట్టు, పని అల్కగయితది" అన్నాడు ఆగయ్య శేఠ్. శనివారం కూర్చుని గుండ్రంగా రాశాను. "శ్రీమతి ఐలమ్మ అభిప్రాయం తీసుకోబడినది. హాజరు: ముప్పై నాలుగు (34)."

ఆదివారం పదకొండింటికి హాల్లో నేను, ఆగయ్య శేఠ్, కడోదరా సంఘం నుంచి గెలిచిన రాంప్రసాద్, ముగ్గురమే ఉన్నాం. పన్నెండయినా అంతే. ఫోన్లు చేశాం. ఒకడికి కడుపు నొప్పి, ఇంకొకడికి బైకు పంక్చరు. మూడోవాడు నిజం చెప్పాడు. "ఇయ్యాల వంట లేదటగదన్నా?"

ముక్కు ఎగబీల్చాను. తాలింపు వాసన లేదు. వెనక్కి వెళ్ళి చూస్తే స్టవ్ చల్లగా ఉంది, గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఐలమ్మ గడపలో కూర్చుని ఉంది. మెస్సు కుర్రాళ్ళకు పొద్దున్నే డబ్బాలు కట్టి ఇచ్చి పంపేసిందట. మా ఒక్కళ్ళకే వండలేదు.

"అక్కా, నీ అభిప్రాయం..." అని పుస్తకం చాపాను.

ఐలమ్మకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు, సిలిండర్లూ తేదీలూ ఆమే చూసుకుంటుంది. పేజీ మీద వేలు పెట్టింది.

"గీ ముప్పై నాలుగేంది?"

"హాజరు."

"ఎవలు?"

వెనక నిలబడ్డ ఆగయ్య శేఠ్, "గదంత కాయిదం పని, నీకు సమజ్ గాదు. నీ మాటేందో జెప్పు" అన్నాడు.

"ఆలోచించి చెప్త" అంది ఐలమ్మ.

ఆగయ్య శేఠ్ మొహం నల్లబడింది. ఆ మాటతో ఇదివరకు ఒకసారి దెబ్బ తిన్నవాడు ఆయన. "ఎన్నొద్దులు?"

"మీరు మూడైతారాలు ఆలోచించిండ్లు. మీరు సదువుకున్నోల్లు. నాకు జర ఎక్కువ వడ్తది." తరువాత నావైపు తిరిగింది. "తమ్మీ, మీ సభల ఇస్తర్ల లెక్కనే గద హాజరు? ఇయ్యాల నేనొక్క ఇస్తరి గూడ వెయ్యలే. తినని మనుషులేడికెల్లి అచ్చిండ్లు నీ పుస్తకంలకు?"

రాంప్రసాద్ హోటల్‌కు పోదాం పదండన్నాడు. ఆగయ్య శేఠ్ నా చెవి దగ్గర, "ముప్పై నాలుగు అట్లనే ఉండనీయ్. సంతకం వెట్టి రా" అన్నాడు. ఇద్దరూ సందులోకి నడిచారు.

నేను గడప ముందు నిలబడ్డాను. గాజు తలుపు ఇంకా కళ్ళ ముందు ఉంది. ఆగయ్య ఖాతాలోని అరవై సాంచెలూ ఉన్నాయి. పదిహేనేళ్ళుగా ఈ గడపలో తిన్నాను, ఈ గడపను రెండుసార్లు నా చేత్తో రాసి అమ్మాను. మొదటిసారి భయంతో రాశాను. రెండోసారి ఏ భయమూ లేదు, అందుకే రెండోది ఎక్కువ నీచం. ఐలమ్మ తిట్టలేదు. తిడితే బాగుండును.

ఆమె పక్కనే గడప మీద కూర్చుని, రాసిన రెండు వాక్యాలూ కొట్టేశాను. కింద మళ్ళీ రాశాను. హాజరు: సున్నా. సభ జరగలేదు. నా చేతిరాత మొదటినుంచీ గుండ్రమే, సున్నా ఇంకా బాగా వచ్చింది. దాని కింద ఎవరూ చెప్పకుండానే సంతకం పెట్టి, పుస్తకం ఐలమ్మ చేతికిచ్చాను. భాగ్యలక్ష్మి మళ్ళీ అర్జీ రాయాల్సి వస్తే ఈసారి పేజీ వెతుక్కునే పని ఉండదు.

ఐలమ్మ పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద పెట్టింది. సున్నాను ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది.

"తిన్నవా?" అంది.

"లేదక్కా."

లేచి వెళ్ళి స్టవ్ ముట్టించింది.